వీపున మోయు విమానము

మన గుంటూరు, బాపట్ల సీమలలో మిరపచేలకును ప్రత్తిచేలకును మందు కొట్టు దినములలో రైతు యొక యంత్రమును వీపున తగిలించుకొని చాళ్లవెంట నడచుట మన మందఱమును చూచినదే. దానికొక చిన్న పెట్రోలు ఇంజనును, మందునీళ్ల డబ్బాయు, గాలిని విసరు పంకాయు నుండును. త్రాడు పట్టి లాగినంతనే ఇంజను రేగును. పంకా గాలిని గొట్టములోనికి త్రోయును. ఆ గాలితోగూడ మందు తుంపరలై పైరుమీద పడును. ఈ యంత్రమును మోయువానికి ఎవరో మెల్లగా నెట్టుచున్నట్లు తోచునని పనివాండ్రు చెప్పుదురు. ఆ మాట వట్టిమాట కాదు. గాలిని ఒకవైపునకు త్రోసిన యంత్రము తాను రెండవవైపునకు త్రోయబడును. న్యూటను చెప్పిన మూడవ సూత్రమును మిరపచేనిలోనే పరీక్షింపవచ్చును.

ఈ మాట నెందుకు ఎత్తితిమనగా, మా పాఠశాలలో పై తరగతి బాలురు కొందఱు వీపున ఇంజను కట్టుకొని ఆకాశమున ఎగురు మనుష్యుల చిత్రములను చూచి వచ్చి, "మందుకొట్టు ఇంజనుతోనే యట్టిది మనము చేసికొనలేమా? సూర్యలంక యిసుకమీదనుండి యెగురుటకు వీలుగా నుండదా?" అని యడిగిరి. ప్రశ్న మంచిది. కాని దాని నూరక నవ్వి త్రోసివేసినయెడల, బాలు రెవ్వరికిని చెప్పకయే ప్రయత్నింపవచ్చును. అందుచేత ఆ యంత్రమును గూర్చియు, దానిని తయారుచేసిన యొక చిన్న జర్మను కార్ఖానాను గూర్చియు, మన సముద్రతీరపు గాలిని గూర్చియు మాకు తెలిసినంత వ్రాయుచున్నాము. ఇది తలిదండ్రులును చదువవలెనని మా కోరిక.

ఆ యంత్రమునకు పారామోటారని పేరు. జర్మనీదేశమున జిండెల్‌ఫింగెన్ అను పట్టణమున సోలో అను సంస్థ కలదు. 1948లో స్థాపింపబడిన యీ సంస్థ వీపున మోయు మందుకొట్టు యంత్రములకు ప్రసిద్ధి చెందినది. వారే 210 ఘనసెంటీమీటర్ల రెండు స్ట్రోకుల ఇంజను నొకదానిని చేసిరి. తొలినాళ్ల పారామోటారులకు చాలవాటికి ఆ ఇంజనునే బిగించెడివారు. కావున మిరపచేని యంత్రమును ఆకాశపు యంత్రమును దాయాదులని బాలురు ఊహించుట తప్పు కాదు. రెంటిని పోల్చి చూచినవారి చూపును మెచ్చుకొనవలసినదే.

ఆ ఇంజనును తీసికొని పారామోటారులను కట్టినవారిలో ఫ్రెష్ బ్రీజ్ అను సంస్థ ముఖ్యమైనది. దీని యునికి ఉత్తర జర్మనీలో, హానోవరు నగరమునకు ఉత్తరముగా నున్న వేడెమార్క్ అను ప్రదేశము. వేడెమార్క్ నగరము కాదు. పొలములును అడవులును నడుమ గల కొన్ని పల్లెల కూటమి. అయినను ఆ పల్లెలలోనే 1945లో సెన్‌హైజర్ అను సంస్థ పుట్టినది. వారు చేసిన మైక్రోఫోనులు నేడు ప్రపంచమంతట సభలలోను పాటకచ్చేరీలలోను వాడబడుచున్నవి. జర్మనుల పల్లెలలో నిట్టి సంగతి వింత కాదు. పదిమంది పనివాండ్రతో నడచు చిన్న కార్ఖానా యొక్కటే వస్తువును పట్టుకొని, దానినే యేండ్ల తరబడి సానబట్టుచు, పెద్ద పెద్ద సంస్థలకు చేతకాని పని చేసి చూపును. ఇంకొక ముచ్చట: 1860 తరువాత మన నెల్లూరు సీమలో నాయుడుపేట, సూళ్లూరుపేటలకు వచ్చి పనిచేసిన హెర్మన్స్‌బర్గు మిషనువారి స్వగ్రామమును ఆ ప్రాంతమునకు దూరము కాదు. ఆ సూళ్లూరుపేట నేడు శ్రీహరికోట రాకెట్టులకు రైలుస్టేషను. ఊళ్ల జాతకము లెట్లు మారునో చూడుడు.

ఫ్రెష్ బ్రీజ్ వారు చేసినవి పలువిధములు. కాళ్లతో పరుగెత్తి యెగురువారికి వీపున మోయు యంత్రములు. నడుము నొప్పియు కాళ్ల నొప్పియు గలవారికి చక్రములబండ్లు. ఎక్సైటర్ అను ఇద్దఱు కూర్చుండదగిన బండి యొకటి. వీనిలో మాకు మిక్కిలి వింతగా తోచినది ఫ్లైక్ అనునది. ఇది మూడుచక్రముల సైకిలు. వెనుకకు వాలి కూర్చుండి, కాళ్లు ముందుకు చాచి తొక్కవలెను. దీని వెనుక పారామోటారును తగిలింపవచ్చును. ఇంటినుండి మైదానమువఱకు తొక్కుకొని పోవచ్చును. అచ్చట రెక్కను పఱచి యెగురవచ్చును. దిగినపిమ్మట మరల తొక్కుకొని రావచ్చును. పల్లెటూరి బుద్ధి యన నిట్లుండవలెను.

ఇక యంత్రములోని భాగములు. వీపున మోయు పారామోటారు బరువు సాధారణముగా 20 మొదలు 35 కిలోగ్రాములు, అనగా అరబస్తా సిమెంటు మొదలు దానికి కొంచెము పైమాట. ఇందులో కూర్చుండుటకు తగిన జీను, ఇంజను, పెట్రోలు డబ్బా, మీటరు పైచిలుకు నిడివిగల ప్రొపెల్లరు, దానిచుట్టు గుండ్రని పంజరము నుండును. పెట్రోలులో కొలతప్రకారము నూనె కలిపి పోయుదురు. కుడిచేతనో ఎడమచేతనో పట్టుకొను పిడిలో ఎక్సిలరేటరు నుండును. మందుకొట్టు యంత్రములోని పంకా డొల్లలో దాగియుండును. ఇది బయటనే తిరుగును. అందుచేతనే యా పంజరము. నేలపై ఇంజనును రేపునప్పుడు చేయి ప్రొపెల్లరునకు తగిలి వ్రేళ్లు పోగొట్టుకొన్నవారు పెక్కుదేశములలో గలరు. ఆకాశమునుండి పడుట యొక్కటే యీ పనిలోని యపాయమని తలచువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

అయితే మనిషిని మోయునది ఇంజను కాదు. మోయునది రెక్క. ఆ రెక్కలో వెదురు లేదు, కఱ్ఱ లేదు, ఇనుము లేదు, అంతయు గుడ్డయే. గాలి చొరబడకుండునట్లు పూతపూసిన సన్నని నైలాను గుడ్డను పైపొర క్రిందిపొరగా కత్తిరించి, నడుమ నడుమ అడ్డగోడలు కుట్టి, గదులు గదులుగా చేయుదురు. ముందువైపున ప్రతిగదికిని నోరుండును. రెక్క ముందుకు కదలినంతనే ఆ నోళ్లలో గాలి జొరబడి బిగియును. వెనుకవైపున మూసియుండుటచే బయటికి పోజాలదు. అప్పుడా గుడ్డ నిండు తలగడవలె ఉబ్బి, పైన వంపును క్రింద చదునును గల పక్షిరెక్క ఆకారమును పొందును. ఆ అడ్డగోడలకు రంధ్రము లుండుటచే ఒక గదిలోని గాలి మఱియొక గదికి పోయి అంతటను ఒత్తిడి సమమగును. ఈ గదుల రెక్కను 1964లో అమెరికాలో డొమినా జాల్బర్ట్ అను గాలిపటముల నిపుణుడు కనిపెట్టెను. ఎగురవలెనను కోరికను గాలిపటములు చేయువాడు తీర్చుట మాకు న్యాయముగనే తోచుచున్నది. 1978లో ఫ్రాన్సుదేశమున మ్యూసీ అను కొండపల్లెలో ముగ్గురు ప్యారాచూటు వీరులు అట్టి రెక్కతో కొండవాలునుండి పరుగెత్తి గాలిలోనికి లేచిరి. పారాగ్లైడింగు అను క్రీడకు అదియే మొదలు. కొండలు లేనిచోట పల్లపునేలనుండి లేచుటకు ఇంజను కావలసివచ్చెను. హానోవరు సీమయు మన కృష్ణా డెల్టావలె చదునైన నేలయే.

ఇచ్చట నొక సంగతి చెప్పవలెను. ఇది చదివినవారిలో చాలమందికి క్రొత్తగా నుండవచ్చును. మోటారుసైకిలుకు ఎక్సిలరేటరు త్రిప్పిన వేగము పెరుగును. పారామోటారునకు అట్లు కాదు. దాని వేగమును నిర్ణయించునది రెక్క ఆకారమును, అది మోయు బరువును; ఇంజను కాదు. ఎక్సిలరేటరు నొక్కినప్పుడు యంత్రము ముందునకు ఉఱకదు, పైకి లేచును. వదలినప్పుడు ఆగదు, మెల్లగా క్రిందికి దిగును. ఆకాశమున నున్నంతసేపును దాని వేగము సుమారు ఒక్కటే, సాధారణపు రెక్కకు గంటకు 35 మొదలు 45 కిలోమీటర్లు. వేగముగా పోవు ప్రత్యేకపు రెక్కలు గలవు గాని అవి నేర్పరులకే తగినవి.

ఇప్పుడు బాలుర ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్పెదము. మనిషి, యంత్రము, పెట్రోలు, రెక్క అన్నియు కలిపి 120 కిలోగ్రాములనుకొందము. ఇంజను ఆగినప్పుడు ఈ రెక్క సెకనుకు 10 మీటర్లు ముందుకు పోవుచు, సెకనుకు 1.6 మీటర్లు క్రిందికి దిగుననుకొందము. క్రిందికి దిగకుండ నిలుపవలెనన్న 120ని 9.8 చేతను, దానిని 1.6 చేతను గుణింపవలెను. వచ్చునది సుమారు 1880 వాట్లు, అనగా రెండున్నర గుఱ్ఱపుశక్తి. "ఇంతేనా? మందుకొట్టు ఇంజను చాలునే!" అని బాలురు గంతులు వేయుదురు. తొందర కూడదు. ప్రొపెల్లరు ఇంజను శక్తిలో సగమును వ్యర్థము చేయును. కావున ఊరక ఎత్తు నిలుపుకొనుటకే 5 గుఱ్ఱపుశక్తి కావలెను. సెకనుకు 1.6 మీటర్లు పైకెక్కవలెనన్న ఇంకొక 5. ఎండవేళ పలుచనైన గాలికిని, ఇసుకలో పరుగునకును, చెట్లకొమ్మలను దాటుటకును చేతిలో మిగులు కొంత యుండవలెను. సోలో ఇంజను పదునైదు గుఱ్ఱపుశక్తికి దగ్గరగా నిచ్చుట యందులకే. మన రైతుల వీపున నుండు సామాన్యపు ఇంజను రెండు మూడు గుఱ్ఱపుశక్తి కలది. అది మనిషిని నేలనుండి లేపజాలదు. కాని పరుగెత్తువానిని ముందుకు నెట్టి, తీగెలమీదనో గట్టుమీదనో పడవేయుటకు మాత్రము చాలును. టార్పాలిను గుడ్డతో రెక్క కుట్టినయెడల గాలి కారిపోయి గదులు ఉబ్బవు. లేదా ఒకవైపు ఉబ్బి రెండవవైపు ముడుచుకొనును. త్రాళ్లు ఒక్కొక్కటియు వ్రేలెడు తేడా లేకుండ కత్తిరింపబడవలెను. ఒక త్రాడు పొట్టియైనను రెక్క వంకరపోవును. పక్షి రెక్క వంకరైనచో పక్షికి బాధ; గుడ్డరెక్క వంకరైనచో మనిషికి చావు.

వేడెమార్క్ పల్లె కార్ఖానావారు ఇంజనును బయటినుండి కొనిరి గదా, వారి పని యేమి యని యడుగవచ్చును. ఇంజనును రెక్కను మనిషిని ఒక్క తూకముగా కూర్చుటయే వారి పని. ప్రొపెల్లరు ఒకవైపు తిరుగునప్పుడు మనిషి రెండవవైపు మెలితిరుగును, దానిని సరిదిద్దవలెను. వ్రేలాడు స్థానము చెయ్యెడు పైకి జరిగిన మనిషి వెనుకకు వాలును, క్రిందికి జరిగిన బోర్లబడును. ఇంజను శబ్దమునకు జర్మనీలో కఠినమైన కొలతలు గలవు; ఊరివారి నిద్ర చెడగొట్టు యంత్రము అచ్చట అమ్ముడుపోదు. ఇవియన్నియు చూచి కట్టిన యంత్రమే మనుష్యుడు నమ్మదగిన యంత్రము.

ఇట్టి చిన్న కార్ఖానాలకు జర్మనీలో ఒక పూర్వుడు గలడు. ఆయనను తలంపక పోరాదు. ఆయన పేరు ఒట్టో లిలియెన్‌తాల్. 1848లో ఆంక్లాం అను ఊరిలో పుట్టి, బాల్యమున తమ్మునితో కూడి కొంగల యెగురుటను చూచుచు పెరిగెను. గుంటూరునకు చేరువనున్న ఉప్పలపాడు చెఱువున మన పిల్లలు కొంగలను చూచి వత్తురు. రెక్క ఆడింపకయే అవి ఎట్లు సుళ్లు తిరుగునో ఆయనవలె వ్రాసికొని వచ్చినవారు ఎందఱు? లిలియెన్‌తాల్ పెద్దవాడై బెర్లినులో చిన్న ఆవిరియంత్రములును బాయిలర్లును చేయు కార్ఖానా పెట్టెను. లాభములో నాలుగవవంతు పనివాండ్రకు పంచెను. 1889లో పక్షుల యెగురుటనుగూర్చి గ్రంథము ప్రకటించెను. 1891 మొదలు కఱ్ఱచువ్వలకు నూలుగుడ్డ తొడిగిన రెక్కలతో కొండవాలులనుండి యెగిరెను. ఐదేండ్లలో రెండువేలకు పైగా ఎగిరెను. రీనోవు కొండలయందు 250 మీటర్ల దూరమువఱకు పోయెను. 1894లో తన కార్ఖానాలోనే ఒకే నమూనా రెక్కలను చేసి, ఒక్కొక్కటి 500 మార్కులకు అమ్మజూపెను. కనీసము తొమ్మిది అమ్ముడుపోయెను. కొన్నవారిలో మాస్కో శాస్త్రజ్ఞుడు జుకోవ్‌స్కీయు, అమెరికా పత్రికాధిపతి హర్స్టును గలరు. వెలకు దొరకిన మొట్టమొదటి విమానము లివియే. ఆ రెక్క బరువు సుమారు 20 కిలోగ్రాములు, అనగా నేటి తేలిక పారామోటారంత!

1896 ఆగస్టు 9న, మండుటెండవేళ, ష్టోలెను గ్రామము చెంత గోలెన్‌బర్గు కొండనుండి యెగిరినప్పుడు ఒక గాలిపాటు తగిలి ఆయన రెక్క గాలిలో నిలిచిపోయెను. సుమారు 15 మీటర్ల ఎత్తునుండి పడి వెన్నెముక విఱిగెను. మఱునాడు బెర్లినులో మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 48 ఏండ్లు. రెండువేలసార్లు గాలిని ఎఱిగిన మనుష్యుని ఒక్కసారి గాలి మోసపుచ్చినది. అమెరికాలో రైటు సోదరులు ఆ వార్త చదివియే యీ విద్యయందు శ్రద్ధ వహించిరి. జర్మనీలో ఆ విద్య చావలేదు. మొదటి మహాయుద్ధానంతరము 1919 నాటి వెర్సాయి సంధి జర్మనులకు ఇంజను విమానములను నిషేధింపగా, 1920 మొదలు వారి పిల్లలు వాసెర్‌కుప్పె అను కొండమీద ఇంజను లేని విమానములతో గాలిని చదువుకొనిరి. బరువు తక్కువ, గాలి యెఱుక యెక్కువ: ఈ పద్ధతి యా దేశమున నాటినుండి వచ్చినది.

ఇక ఫ్రెష్ బ్రీజ్ అను పేరును గూర్చి ఒక మాట. ఇంగ్లీషున దానికి చల్లని చుఱుకైన గాలి యని యర్థము. కాని నావికుల భాషలో ఆ మాటకు నిర్ణయమైన కొలత గలదు. 1805లో బోఫర్ట్ అను నావికాధికారి గాలులను సున్న మొదలు పండ్రెండు తరగతులుగా విభజించెను. అందులో ఫ్రెష్ బ్రీజ్ అనునది అయిదవది, గంటకు 29 మొదలు 38 కిలోమీటర్లు. చిన్నచెట్లు ఊగుట, చెఱువులలో నురుగుతలల అలలు లేచుట దానికి గుర్తు. 2023 డిసెంబరు 5న బాపట్ల చేరువను తీరము దాటిన మిచౌంగ్ తుపాను గంటకు 90 మొదలు 100 కిలోమీటర్ల గాలితో వచ్చినది. అది పదవ తరగతి. పారామోటారు వేగ మెంతయని పైన చెప్పితిమో జ్ఞాపకము చేసికొనుడు. అయిదవ తరగతి గాలికి ఎదురుగా పోవు పారామోటారు ఉన్నచోటనే నిలుచును. గాలి యించుక పెరిగిన ముఖము ముందుకే యుండగా వెనుకకు పోవును. కావున ఫ్రెష్ బ్రీజ్ వీచునప్పుడు ఫ్రెష్ బ్రీజ్ వారి యంత్రమును క్రొత్తగా నేర్చువారు తాకరాదు. పేరు పెట్టినవారు నవ్వుటకే పెట్టిరో యేమో!

ఇప్పుడు మన సూర్యలంకకు వత్తము. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరమున, పొడవైన యిసుకతీరముతో, సరుగుడు తోటలతో నున్న యీ రేవు పైచూపునకు యెగురువారికి స్వర్గమువలె నుండును. పరుగునకు మెత్తని యిసుక. అడ్డము లేని ఆకాశము. అయినను ఇచ్చటి గాలికి దినచర్య గలదు. పగలు నేల త్వరగా కాగును, సముద్రము కాగదు. నేలమీది గాలి వేడెక్కి లేచిపోగా సముద్రపు గాలి లోపలికి వచ్చును. మధ్యాహ్నమునకు అది బలపడును. రాత్రి నేల చల్లబడగా గాలి తిరిగి నేలనుండి సముద్రమునకు పోవును. వేకువ నిదియే వీచును. జాలరులు ఈ గాలి నెఱిగియే తెరచాపల నాటి నుండి వేకువజామున పడవలు దింపిరి, సముద్రపుగాలితో ఒడ్డునకు చేరిరి.

యెగురువాని చిక్కు చూడుడు. వేకువ గాలి మెత్తగా, సుళ్లు లేక, పాలవలె నుండును. యెగురుటకు అంతకంటె మంచి వేళ లేదు. కాని యది సముద్రమువైపునకు వీచు గాలి. మధ్యాహ్నపు గాలి ఒడ్డువైపునకు వీచును. ఇంజను ఆగినను మనిషిని నేలకు చేర్చును. కాని అది బలమైన గాలి, సరుగుడు తోటలను దాటి లోపలివైపున సుళ్లు తిరుగు గాలి. తోట వెనుక దిగజూచువాని రెక్క ఆ సుళ్లలో ముడుచుకొనవచ్చును. ఒకటి మెత్తనిది, ఒకటి క్షేమమైనది; రెండును ఒక్కటిగా దొరకుట అరుదు. సాయంకాలము సముద్రపుగాలి తగ్గుముఖము పట్టునప్పుడు కొంతసేపు మాత్రము దొరకును.

దీనిని లెక్కతో చూతము. యెగురువాడు సముద్రముపై 160 మీటర్ల ఎత్తున నుండగా ఇంజను ఆగినదనుకొనుడు. సెకనుకు 1.6 మీటర్ల చొప్పున దిగినచో నీటిని తాకుటకు 100 సెకనులు పట్టును. సెకనుకు 10 మీటర్ల చొప్పున గాలి లేనిచో అతడు 1000 మీటర్లు పోగలడు. సముద్రపుగాలి సెకనుకు 5 మీటర్ల చొప్పున ఒడ్డువైపునకు వీచినచో అది కలిసివచ్చి 1500 మీటర్లు పోగలడు. అదే గాలి సముద్రమువైపునకు వీచినచో 500 మీటర్లే. అదే మనిషి, అదే రెక్క, అదే ఎత్తు. గాలి దిక్కు మాఱినంతనే దూరము మూడవవంతయ్యెను. ఒడ్డు 700 మీటర్ల దూరమున నున్నదనుకొనుడు. మధ్యాహ్నము అతడు ఇసుకలో దిగి ఇంటికి పోవును. వేకువ అతడు ఒడ్డునకు 200 మీటర్ల ఇవతల నీటిలో పడును.

నీటిలో పడినచో ఈత వచ్చినవానికి భయమేమి యని తోచును. ఇదియే తలిదండ్రులు ముఖ్యముగా ఎఱుగవలసిన సంగతి. పారామోటారు జీనులో వీపునకు మెత్తలుండును. నీటిలో అవి తేలును. ఇంజను బరువు లాగును. మనిషి ముఖము క్రిందుగా మునుగును. జీనుకట్లు రొమ్మునకును తొడలకును బిగించియుండును. పైనుండి తడిసిన రెక్కయు, త్రాళ్ల వలయు వచ్చి కప్పును. అల ఆ రెక్కను పట్టి లాగును. మంచి ఈతగాండ్రును ఇట్లు ప్రాణములు కోలుపోయిరి. అందుచేతనే నీటిపై యెగురువారు నీరు తగిలినంతనే తానై ఉబ్బు తేలుసంచిని యంత్రమునకు తగిలించుకొందురు. కట్లను విప్పు పద్ధతిని కన్నులు మూసికొని అభ్యసింతురు. అంతకంటె ముఖ్యముగా, ఇంజను ఆగినను ఒడ్డు చేరగలుగు ఎత్తును విడువరు. ఎండకాలపు సెలవులలో సూర్యలంక అలలలో స్నానమునకు దిగి మునిగినవారిని గూర్చి మన ప్రాంతమువారు విననివారు లేరు. అలవాటులేనివానికి మోకాలిలోతు నీరే యపాయమైనచోట, వీపున 30 కిలోగ్రాముల ఇనుముతో పడినవాని గతి వేఱుగ చెప్పనేల?

జర్మనీలో ఈ యంత్రమును డబ్బిచ్చి కొనినమాత్రాన ఎవడును ఎగురరాదు. పాఠశాలలో చేరి, గాలిశాస్త్రము, చట్టము, యంత్రజ్ఞానము చదివి, గురువు ఎదుట పెక్కుసార్లు ఎగిరి దిగి, పరీక్షలో కృతార్థుడై అనుమతిపత్రము పొందవలెను. మొదట చాలదినములు ఇంజను లేకయే, మైదానమున రెక్కను తలపై నిలుపుటనే నేర్పుదురు. అచ్చట ఇంతకంటె పెద్దవైన, కఱ్ఱరెక్కల అల్ట్రాలైటు విమానములకు యంత్రమంతటిని మోయగల పెద్ద ప్యారాచూటు నొకదానిని తప్పక అమర్చవలెనని నియమము.

మన దేశమున అల్ట్రాలైటు విమానములు కట్టినవారు లేకపోలేదు. బెంగుళూరులోని రాజహంస సంస్థవారి ఎక్స్-ఎయిర్ అను చిన్నవిమానము పరదేశములకును పోయినది. 2016లో మన వైమానికదళమువారు పశ్చిమబంగాళములోని కలైకుండా స్థావరమునుండి బయలుదేరి, "ప్రదక్షిణ" అను పేర పారామోటారులతో దేశమును చుట్టివచ్చిరి. అట్లని ఎవరి యిష్టము వచ్చినచోట వారు ఎగురుటకు వీలులేదు. ఆకాశమునకును పొలమువలె హద్దులు గలవు. కేంద్రప్రభుత్వపు పౌరవిమానయాన అధికారుల నియమములును, స్థానికాధికారుల అనుమతియు కావలెను. ఢిల్లీలో స్వాతంత్ర్యదినమునకును గణతంత్రదినమునకును ముందు పారామోటారులను నిషేధించుచు పోలీసువారు ఉత్తరువు లిత్తురు. 2023 అక్టోబరు 7న ఇజ్రాయేలు సరిహద్దును దాటుటకు సాయుధులు ఇట్టి యంత్రములను వాడిన పిమ్మట అన్ని దేశములవారికిని శంక హెచ్చినది.

సూర్యలంక సంగతి యింకను వేఱు. అచ్చట భారత వైమానికదళ స్థావరము గలదు. క్షిపణులను ప్రయోగించి పరీక్షించు స్థలమది. 2023 డిసెంబరులో అస్త్రశక్తి అను విన్యాసమున ఆకాశ్ క్షిపణుల దళ మొక్కటి నాలుగు లక్ష్యములను ఒకేసారి కూల్చినది ఇచ్చటనే. అట్టి ఆకాశములోనికి అనుమతి లేక, రేడియో లేక, గుడ్డరెక్కతో పోవువానిని ఏమనవలెనో పాఠకులే చెప్పవలెను. కావున స్నేహితులెవరైన "తీరమున ఎగురుదము రా" అని పిలిచినయెడల, మొదట అడుగవలసినది యంత్రపు వెల కాదు. ఎవరి అనుమతి యున్నది, నేర్పువానికి పత్రమున్నదా, తేలుసంచి యున్నదా, గాలి యెటు వీచుచున్నది యనునవి అడుగవలెను. ఈ నాల్గింటికిని కాగితముమీద జవాబు చూపలేనివాని వెంట బిడ్డలను పంపవలదు.

ఎగురవలెనని మనసుపడు బాలురకు చేయదగిన పని యొకటి గలదు, దానికి డబ్బు అక్కఱలేదు. పాఠశాల మేడమీద ఒక కఱ్ఱకు పలుచని గుడ్డపేలికను కట్టి, ఉదయము ఆఱింటికి, పదింటికి, రెండింటికి, సాయంత్రము ఆఱింటికి గాలి దిక్కును, ఆకులు కదలుచున్నవో కొమ్మలు ఊగుచున్నవో దానిని పుస్తకమున వ్రాయుడు. బోఫర్ట్ పట్టిక తరగతిగదిలో అంటింపబడియున్నది. తెనాలి, రేపల్లెలలో చుట్టములున్నవారు అచ్చటను ఆ వేళలకే వ్రాయించి, సముద్రపుగాలి బాపట్లకు ఎన్నింటికి వచ్చినది, తెనాలికి ఎన్నింటికి చేరినది పోల్చి చూడవచ్చును.

ఆఱవ ఫారము వారికి ఒక లెక్క: యెగురువాడు ఒడ్డునకు 900 మీటర్ల దూరమున సముద్రముపై నున్నాడు. ఎత్తు 240 మీటర్లు. ఇంజను ఆగినది. దిగుట సెకనుకు 1.6 మీటర్లు, ముందునకు వేగము సెకనుకు 10 మీటర్లు. గాలి నేలనుండి సముద్రమునకు సెకనుకు 3 మీటర్ల చొప్పున వీచుచున్నది. అతడు ఒడ్డు చేరునా? చేరినచో ఎన్ని మీటర్ల ఎత్తు మిగులును? గాలి సెకనుకు 4 మీటర్లయినచో ఏమగును? జవాబులను భౌతికశాస్త్రపు ఉపాధ్యాయునికి చూపవలెను.